'తావో పో' అని పిలిచాక గేటు దగ్గరికి వచ్చే మనుషులు

కాకినాడకు చెందిన పంతొమ్మిదేళ్ళ యువకుడు అడిగిన ప్రశ్న ఇది. తనకు ఫిలిప్పీన్స్‌లో సేవ చేయడానికి మిషనరీగా పిలుపు వచ్చింది. మా సంఘపు పవిత్ర గ్రంథాల్లో ఒకటైన మోర్మన్ గ్రంథం చదివాడు, చెప్పవలసిన పాఠాలన్నీ సిద్ధం చేసుకున్నాడు. అయితే అక్కడ ఎలాంటి మనుషులు ఎదురవుతారో, వారితో ఎలా మెలగాలో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పడం లేదు. నేను 2004 చివరి నుంచి 2006 చివరి దాకా అదే దేశంలో, లుజాన్ దీవి దక్షిణ భాగాన కెజోన్, లగునా ప్రాంతాల్లో సేవ చేశాను. మాది కోనసీమ. తిరిగి వచ్చిన తర్వాత ఇన్నేళ్ళుగా, పిలుపు అందుకున్న పిల్లలతో కూర్చొని మాట్లాడుతూనే ఉన్నాను. వారిలో చాలామంది నన్ను వాక్యాల గురించి అడుగుతారు, మనుషుల గురించి అడిగేవారు తక్కువ. అందుకే మీ ప్రశ్నకు కొంచెం విపులంగానే జవాబు రాస్తున్నాను.

ఈ సంగతులు తెలియని పాఠకుల కోసం ముందుగా రెండు మాటలు. జనం మోర్మన్లు అని పిలిచే మా సంఘం అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. ఇది 1830లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో మొదలైంది. పద్దెనిమిదేళ్ళు నిండినవారిలో యువకులు ఇరవై నాలుగు నెలలు, యువతులు పద్దెనిమిది నెలలు జీతం లేకుండా సేవ చేస్తారు. ఏ దేశానికి వెళ్ళాలన్నది వారు ఎంచుకోరు, పిలుపు ఉత్తరంలో ఏది ఉంటే అక్కడికే వెళ్తారు. ఎప్పుడూ ఇద్దరేసి కలిసి తిరుగుతారు. ఫిలిప్పీన్స్‌లో ఈ సేవ 1961లో మొదలైంది, నేడు అక్కడ సభ్యుల సంఖ్య ఎనిమిది లక్షలు దాటింది.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. మీరు తగలోగ్ మాట్లాడే ప్రాంతానికి వెళ్తే నేర్చుకునే మొదటి మాటల్లో ఒకటి 'తావో పో'. అక్కడి పల్లెల్లో ఎవరింటికైనా వెళ్ళినవారు తలుపు తట్టరు, గేటు బయటే నిలబడి ఆ మాట పలుకుతారు. 'తావో' అంటే మనిషి. 'పో' అంటే మన 'అండీ' వంటి గౌరవపదం. మన చెవికి అది పొమ్మన్నట్టు వినిపిస్తుంది కానీ, ఆ మాట లేకుండా పెద్దవారితో మాట్లాడితే ఆ దేశంలో అమర్యాద కిందే లెక్క. ఇంటికి వచ్చింది దయ్యమో భూతమో కాదని చెప్పడానికి పూర్వులు ఆ పిలుపు పెట్టారని అక్కడి ముసలివాళ్ళు చెబుతారు. రెండేళ్ళలో కొన్ని వేలసార్లు నేను ఆ మాట అని ఉంటాను. మీరు ఆ మాట అన్న ప్రతిసారీ లోపలినుంచి వచ్చే మనిషి చేతిలో ఏదో ఒక పని ఉంటుందని ముందుగా గుర్తుంచుకోండి. బట్టలు పిండుతూనో, పసిబిడ్డకు అన్నం పెడుతూనో, రాత్రి కాపలా చేసి వచ్చి నిద్రపోతూనో ఉన్న మనిషిని మీరు లేపుతున్నారు. ఆ మనిషి గేటు దాకా నడిచి రావడమే మీకు చేసిన మొదటి ఉపకారం.

భారతీయుడిగా మీకు ఒక చిక్కు ఎదురవుతుంది. దాన్ని ఇప్పుడే చెప్పడం నా బాధ్యత. అక్కడి జనం మన దేశస్థులను 'బుంబాయ్' అంటారు, బొంబాయి నుంచి వచ్చిన మాట అది. మోటారు సైకిలు మీద ఇంటింటికీ తిరుగుతూ అప్పులు ఇచ్చే పంజాబీలు ఆ దేశంలో చాలాకాలంగా ఉన్నారు. ఐదు తీసుకుంటే ఆరు కట్టాలి, ఆ వ్యాపారాన్ని 'ఫైవ్-సిక్స్' అనే పిలుస్తారు. మన ఊళ్ళలో రోజువారీ వసూలు చేసే ఫైనాన్సు వాళ్ళను చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. నేను తెల్లచొక్కా వేసుకొని నిలబడి 'తావో పో' అనగానే కొన్ని ఇళ్ళలో కిటికీ తెరలు మూసుకునేవి, చిన్నపిల్లలు బయటికి వచ్చి అమ్మ ఇంట్లో లేదని చెప్పేవారు. మొదటి నెలలో నాకు చాలా నొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆ తెర వెనుక ఉన్న తల్లి దాక్కున్నది నాకు కాదు, ఈ వారం కట్టలేని బాకీకి అని అర్థమైంది. కాబట్టి అటువంటి ఇంటిముందు గట్టిగా పిలుస్తూ నిలబడకండి. ఆ పిల్లలను పేర్లు అడిగి, నవ్వి, వచ్చేయండి. మీరెవరో వీధి వీధంతా తెలియడానికి రెండు మూడు వారాలు చాలు.

వరసల విషయంలో మాత్రం మనకు అమెరికా పిల్లలకు లేని సౌలభ్యం ఉంది. అక్కడ కూడా ముక్కూమొహం తెలియనివారిని సైతం వరస పెట్టే పిలుస్తారు. అన్నను 'కూయా' అని, అక్కను 'ఆతే' అని, అమ్మమ్మ వయసు ఆమెను 'లోలా' అని అంటారు. తికమక పెట్టేవి రెండున్నాయి: 'నానాయ్' అంటే అమ్మ, 'తాతాయ్' అంటే నాన్న. చాలా రోజులపాటు నేను 'నానాయ్' అని పిలిచిన ప్రతిసారీ నా మనసులో మా నాన్న మెదిలేవాడు. పెద్దవారు కనబడితే వారి కుడిచేతిని అందుకొని మీ నుదుటికి తాకించుకోవాలి, దాన్ని 'మానో' అంటారు. పాదాలకు నమస్కరించే అలవాటున్న మనకు అది కొత్తగా అనిపించదు. మనస్ఫూర్తిగా చేయండి. నా సహచరుడు ఐడహో రాష్ట్రపు బంగాళదుంపల రైతు కొడుకు, చేతులు చాచడానికి మొదట్లో చాలా బిడియపడేవాడు. మూడో నెలకు ఊళ్ళోని ముసలమ్మలు అతను కనబడగానే వాళ్ళే చెయ్యి ముందుకు చాపేవారు.

తల్లి ఊళ్ళో లేని ఇళ్ళు మీకు చాలా ఎదురవుతాయి. దేశంలో పని దొరకక సౌదీ, దుబాయి, కువైట్, హాంకాంగ్ వెళ్ళి ఇంటిపని, ఆయాపని చేసే ఆడవాళ్ళు అక్కడ లక్షల్లో ఉన్నారు. మా కోనసీమ నుంచీ, కడప జిల్లా నుంచీ కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళను చూస్తూ పెరిగిన నాకు ఆ ఇళ్ళు పరాయిగా అనిపించలేదు. కొబ్బరితోటల నడుమ ఉన్న ఒక ఊళ్ళో ముగ్గురు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచుతున్న ఒక తండ్రి ఉండేవాడు. ట్రైసికిల్ అనే మూడు చక్రాల బాడుగబండి నడిపేవాడు, భార్య కువైట్‌లో ఉండేది. మేము మొదటిరోజు కుటుంబం గురించి పాఠం చెప్పబోతే ఆయన తలవంచుకొని కూర్చున్నాడు. కుటుంబం కలిసి ఉండాలని తెలియక ఆయన భార్యను పంపలేదు కదా! ఆ పూట నేను పాఠం ఆపేసి, మా పిన్ని కూడా అక్కడే ఉందనీ, సెలవు దొరికిన శుక్రవారం ఫోను చేస్తుందనీ, ఆమె కొడుకు, అంటే మా తమ్ముడు, ఫోనులో ఆమెతో మాట్లాడడానికి మొరాయించేవాడనీ చెప్పాను. అప్పుడు ఆయన తలెత్తి, తన చిన్నకూతురు కూడా అంతేనని చెప్పి, ఎంతసేపో మాట్లాడాడు. సిద్ధం చేసుకున్న పాఠం ఎదుటి మనిషికి గుచ్చుకుంటుందేమో చూసుకోవడం ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను. ఇది మీరు వెళ్ళిన వారంలోనే మీకు అవసరమవుతుంది.

భోజనం సంగతి కూడా మనుషుల సంగతే. దారిన పోతుంటే తింటున్నవారు 'కాయిన్ పో తాయో' అంటారు, రండి తిందాం అని. అది చాలాసార్లు మర్యాదకు అనే మాట, ప్రతిసారీ కూర్చోకూడదు. నిజంగా పిలిచినప్పుడు మాత్రం కాదనకండి, కానీ కొంచెమే వడ్డించుకోండి. మీ కోసం కోడిని కోసిన ఇంట్లో పిల్లలు వంటగది గుమ్మంలో నిలబడి మిగిలేదాని కోసం చూస్తుంటారు. వరి అన్నం, ఎండుచేప, కొబ్బరిపాలతో చేసిన కూరలు మన నోటికి హితవుగానే ఉంటాయి. ఇబ్బంది కాఫీ దగ్గర వస్తుంది. మన సంఘపు ఆరోగ్య నియమమైన జ్ఞానవాక్యము ప్రకారం కాఫీ, టీ, మద్యం, పొగాకు ముట్టము. ఆ ఇల్లాలు మాత్రం అతిథి కోసమని దుకాణానికి పరుగెత్తి కాఫీ పొట్లం కొని తెస్తుంది. పొట్లం చించిన తర్వాత వద్దంటే ఆమె ఐదు పెసోలు వృథా అయినట్టే. అందుకే గుమ్మంలోకి అడుగు పెడుతూనే, దాహంగా ఉంది, మంచినీళ్ళు ఇప్పిస్తారా అని మీరే అడగండి. 'సలబాత్' అనే అల్లం కషాయం పెడితే నిరభ్యంతరంగా తాగవచ్చు.

కెజోన్ కొబ్బరికల్లును బట్టీపెట్టి తీసే 'లంబనోగ్' అనే సారాయికి ప్రసిద్ధి. సాయంత్రం వేళ మగవాళ్ళు గుండ్రంగా కూర్చుంటారు, అందరికీ ఒకటే గ్లాసు, ఒకరు పోస్తుంటే వరసగా చేతులు మారుతుంది. మీరు అటుగా వెళ్తే గ్లాసు మీ ముందుకూ వస్తుంది. అక్కడ నీతులు చెప్పడం అన్నింటికంటే పెద్ద తప్పు. చెయ్యి గుండెమీద పెట్టుకొని, నాకు వ్రతం ఉంది కూయా, అన్నట్టు చెబితే వారు గౌరవిస్తారు. వ్రతమంటే ఏమిటో, మొక్కు అంటే ఏమిటో ఆ జనానికి బాగా తెలుసు. అలా గ్లాసు వెనక్కి పంపిన ఒక సాయంత్రమే, ఆ గుంపులోని ఒకాయన మమ్మల్ని గట్టుదాకా సాగనంపుతూ, తాగుడు మానాలని మూడేళ్ళుగా చూస్తున్నానని మెల్లగా చెప్పాడు. ఆయన మా సంఘంలో చేరలేదు, కానీ ఆ తర్వాత నాలుగు నెలలపాటు ప్రతి సాయంత్రం సరిగ్గా ఆ గుంపు కూడే వేళకు మేము ఆయన ఇంటికి వెళ్ళి, పెరట్లో కొబ్బరికాయలు ఒలుస్తూ కూర్చునేవాళ్ళం. కొబ్బరి ఒలవడం నాకు చిన్నప్పటినుంచీ వచ్చు.

మిమ్మల్ని కాదనేవారి గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ రెండేళ్ళలో ఎక్కువ కాలం వారితోనే గడుస్తుంది. నావికుడు మజెల్లాన్ వచ్చిన 1521లోనే ఆ దీవుల్లో తొలి బాప్తిస్మాలు జరిగాయి. మీరు వెళ్ళి క్రీస్తును పరిచయం చేయబోయేది నాలుగైదు వందల ఏళ్ళ కతోలిక విశ్వాసం ఉన్న జనానికి. చర్చిలో పిల్లలకు ఉపదేశం నేర్పే ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు మమ్మల్ని లోపలికి పిలిచి, మంచినీళ్ళిచ్చి, గంటసేపు ప్రశ్నలు అడిగింది. మా గ్రంథం గురించి ఆమె అడిగిన వాటిలో సగానికి నా దగ్గర సమాధానం లేదు. నాకు తెలియదండీ, అని చెప్పాను. ఆమె తన అలమారాలోంచి వ్యాకరణం పుస్తకం తీసి నా చేతిలో పెట్టి, ముందు మా భాష సరిగ్గా నేర్చుకో నాయనా, అంది. ఆ పుస్తకం వల్లే నాకు తగలోగ్ వచ్చింది. అటువంటివారిని వ్యతిరేకులు అనే గడిలో పడేయకండి. మే 15న లుక్బాన్ పట్టణంలో రైతుల పునీతుడైన సాన్ ఇసిద్రో పండుగ జరుగుతుంది. బియ్యప్పిండిని ఆకులమీద పూసి, ఆవిరిపట్టి, ఆరబెట్టి తీసిన 'కిపింగ్' అనే రంగురంగుల రేకులతో ఇళ్ళ ముఖాలన్నీ నింపేస్తారు. ఆత్రేయపురం పూతరేకులు చూసిన కళ్ళకు అది ఎంత ముచ్చటగా ఉంటుందో చెప్పలేను. అది మన పండుగ కాదని తలతిప్పుకొని వెళ్ళకండి, ఆ రేకులు ఎలా తీస్తారో అడగండి.

ఒక లోలా సంగతి చెప్పకుండా ఉండలేను. ఎనభై దాటిన వయసు, ఒంటరిది. బాల యేసు విగ్రహం ముందు రోజూ దీపం పెట్టేది. రెండోసారి వెళ్ళినప్పుడే, నేను ఇందులోనే పుట్టాను, ఇందులోనే పోతాను, మీరు మాత్రం వచ్చి కూర్చోండి, అని స్పష్టంగా చెప్పేసింది. మేము గురువారం గురువారం వెళ్ళి, చేతిపంపు కొట్టి నాలుగు బకెట్లు నీళ్ళు నింపి, అరగంట కూర్చొని వచ్చేవాళ్ళం. వారాంతంలో మేము మా బోధన గురించి పంపే లెక్కల్లో ఆమె పేరు ఏ గడిలోనూ ఇమిడేది కాదు. నేను వేరే ఊరికి బదిలీ అయినరోజున మా అమ్మ పేరేమిటని అడిగి, జపమాల చెప్పుకునేటప్పుడు ఆ పేరు కూడా తలుచుకుంటానని చెప్పింది. ఇల్లు వదిలి ఏడాది దాటిన పిల్లాడికి ఆ మాట ఎలా ఉంటుందో మీకు అక్కడికి వెళ్ళాక తెలుస్తుంది.

సహచరుడు కూడా మీరు కలుసుకునే మనిషే, నిజానికి అందరికంటే దగ్గరగా కలుసుకునే మనిషి. సుమారు ఆరు వారాలకొకసారి మార్పులు ప్రకటిస్తారు. ఎవరితో ఉంటారో, ఎన్నాళ్ళు ఉంటారో మీ చేతుల్లో ఉండదు. ఒకరికొకరు కనుచూపు దూరం దాటకూడదు కాబట్టి, ఒకరి కోపమూ ఒకరి దిగులూ రెండోవారి నుంచి దాగవు. ఇంటికి ఫోను క్రిస్మసుకూ అమ్మల దినానికీ మాత్రమే చేసే కాలం మాది. 2019 ఫిబ్రవరి నుంచి వారానికొకసారి మాట్లాడుకునే వీలు కల్పించారు, అది చాలా మేలైన మార్పు. అయినా రాత్రిపూట దుప్పటి ముసుగులో ఏడ్చే కుర్రవాణ్ణి పలకరించవలసింది మీరే. ఏమీ అడగకుండా అన్నం వండి పెట్టండి. పొద్దున అతనే చెబుతాడు.

చరిత్రలో ఇటువంటి కలయికలు రాసి ఉన్నాయి, నేను తరచూ తలుచుకునేవి రెండూ హవాయి దీవులవే. 1850లో అక్కడికి వెళ్ళిన మా సంఘపు పదిమంది మిషనరీలు తెల్లవారికే బోధించాలనుకున్నారు. వినేవారు లేక కొందరు త్వరలోనే వెనక్కి తిరిగారు. ఇరవై మూడేళ్ళ జార్జ్ క్యూ. కేనన్ మాత్రం స్థానికుల భాష నేర్చుకుంటానని ఉండిపోయి, మావీ దీవిలో న్యాయాధికారిగా ఉన్న జొనాథన్ నపెలాను కలిశాడు. వారిద్దరూ కలిసి చేసిన మోర్మన్ గ్రంథపు హవాయి అనువాదం 1855లో అచ్చయింది. అదే నపెలా తర్వాత భార్యకు కుష్ఠువ్యాధి సోకితే 1873లో ఆమె వెంట కలావుపాపా కుష్ఠురోగుల వాడకు వెళ్ళి, తానూ ఆ వ్యాధి బారిన పడి, 1879లో కన్నుమూశాడు. ఇక రెండోది. తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న జోసెఫ్ ఎఫ్. స్మిత్‌ను 1854లో పదిహేనేళ్ళ వయసులో ఆ దీవులకే పంపారు. అక్కడ జబ్బుపడితే మహుహీ అనే ఆమె కన్నకొడుకులా సాకింది. ఆయన పెద్దవాడై, సంఘానికి నాయకుడై హోనొలులు రేవులో దిగినప్పుడు, చూపుపోయిన ఆ ముసలమ్మ అరటిపళ్ళు పట్టుకొని 'ఇయోసెపా' అని పిలుస్తూ వచ్చిందనీ, ఆయన పరుగెత్తి అమ్మా అని కావలించుకున్నాడనీ వెంట ఉన్న బిషప్ నిబ్లీ రాసిపెట్టారు. ఆయన ఆ పిల్లవయసులో ఏం బోధించాడో నాకు గుర్తులేదు, ఆ అరటిపళ్ళు మాత్రం మరచిపోలేను.

మన తెలుగునేలకు ఈ సంఘం వచ్చింది కూడా పరదేశంలో జరిగిన అటువంటి కలయిక వల్లే. సమోవాలో ఉంటున్న ధర్మరాజు దంపతులు అక్కడే సంఘంలో చేరి, 1978 డిసెంబరులో హైదరాబాదుకు వచ్చి తమ బంధువులకు బోధించారు. ఆ కుటుంబంలో ఇరవై ఇద్దరు బాప్తిస్మం పొందారు. అదే హైదరాబాదులో 2012లో భారతదేశపు తొలి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం, ఏర్పడింది.

నా పొరపాటు ఒకటి చెప్పాలి, మీరు దాన్ని తిరిగి చేయకూడదని. పదహారేళ్ళ కుర్రవాడొకడు మాతో బాస్కెట్‌బాల్ ఆడడానికి వచ్చేవాడు. ఆ ఆట అక్కడ మన క్రికెట్‌లాంటిది. మేమంటే ప్రాణం పెట్టేవాడు. అతని బాప్తిస్మానికి ఒప్పుకుంటూ తండ్రి సంతకం పెట్టాడు కానీ, మనసు పెట్టలేదని ఆ ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. నేను చూడనట్టు ఊరుకొని తొందరపడ్డాను. మేమిద్దరం బదిలీ అయిన నెలలోపే ఆ పిల్లవాడు ఆదివారపు కూడికకు రావడం మానేశాడు, తండ్రీకొడుకుల మధ్య మాటలు కూడా తగ్గాయని తర్వాత తెలిసింది. ఆ పిల్లవాడు నమ్మింది మమ్మల్ని, మేమేమో వెళ్ళిపోయేవాళ్ళం. కాబట్టి ఏ ఇంటికి వెళ్ళినా రెండోసారికల్లా ఊళ్ళో స్థిరంగా ఉండే సభ్యుణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళండి. మా శాఖాధ్యక్షుడు, అంటే ఆ ఊరి సంఘానికి పెద్ద, పగలంతా చేపలు అమ్మి, రాత్రి స్నానం చేసి మాతో వచ్చేవాడు. మాకంటే అతని మాటకే విలువ ఉండేది, ఉండాలి కూడా. విదేశానికి తీసుకెళ్తామనో, చదువుకు సాయం చేస్తామనో అర్థం వచ్చే మాట ఒక్కటి కూడా మీ నోట రానివ్వకండి. పేదరికంలో ఉన్నవారు ఆ మాటను పదేళ్ళు దాచుకుంటారు.

నేను తిరిగి రావడానికి రెండు నెలల ముందు, 2006 సెప్టెంబరు చివర, మిలెన్యో తుఫాను ఆ ప్రాంతం మీదుగా వెళ్ళింది. మర్నాడు మేము తెల్లచొక్కాలు విప్పి, కత్తులు పట్టుకొని, దారికి అడ్డంగా పడిన చెట్లు నరకడానికి వెళ్ళాం. ఒక పెద్దాయన తన తోటలో నడుమ విరిగిన కొబ్బరిచెట్ల మధ్య, ఏమీ చేయకుండా, చేతులు వేలాడేసి నిలబడి ఉన్నాడు. 1996 నవంబరు తుఫాను మర్నాడు మా తాతయ్య సరిగ్గా అలాగే నిలబడడం పదకొండేళ్ళ వయసులో చూశాను. నాట్లు వేసిన కొబ్బరి కాపుకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో లెక్కపెట్టుకుంటూ నిలబడే తీరు అది. నేను వెళ్ళి ఆయన చెయ్యి అందుకొని నుదుటికి తాకించుకున్నాను. సాయంత్రం దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. చీకటి పడ్డాక నన్ను భోజనానికి ఉండమన్నాడు, ఉన్నాను.

మీరు వెళ్ళేటప్పుడు ఒక చిన్న నోటుపుస్తకం పట్టుకెళ్ళి, పాఠాల లెక్కకు సంబంధం లేకుండా, ఆ రోజు కలిసిన ఒక్క మనిషి గురించైనా నాలుగు వాక్యాలు రాసుకోండి. పేరు, పిల్లల పేర్లు, ఏం పని చేస్తారు, ఏం బెంగ చెప్పారు, మీకేం పెట్టారు. ఇంటిముందు ఏ చెట్టు ఉందో కూడా రాయండి. అక్కడి పల్లెల్లో చాలా ఇళ్ళకు నంబర్లు ఉండవు, ఎన్నేళ్ళకైనా మళ్ళీ వెళ్తే చెట్టును బట్టే ఇల్లు గుర్తుపట్టాలి.